ఈశ్వరుని కాదన్నవారు : హేతువిచారము

కొందఱు దేవుని నమ్మరు. ఏల నమ్మరని యడిగినచో సామాన్యముగా వినవచ్చు సమాధానములు రెండు. నమ్మనివానికి నీతి లేదని యొకరందురు. నమ్మువానికి బుద్ధి లేదని వేఱొకరందురు. ఈ రెండును కలహమునకు పనికివచ్చును గాని చరిత్రకు పనికిరావు. చరిత్ర చదువువాడు అడుగవలసిన ప్రశ్న వేఱు. ఒకానొక కాలమున, ఒకానొక శాస్త్రమును ప్రాణప్రదముగా చూచుకొన్నవారు ఈశ్వరుడు లేడని యేల చెప్పవలసి వచ్చెను? అట్లు చెప్పి వారు దేనిని కాపాడుకొనదలచిరి? మన దేశమున శాస్త్రగ్రంథములనుండి ఇరువదవ శతాబ్దమునాటి తెలుగుసీమ వఱకు ఈ ప్రశ్నతో నడచి చూడవలెనని యీ వ్యాసముయొక్క ఉద్దేశము. నడక మొదలుపెట్టిన వెంటనే ఒక విచిత్రము ఎదురగును. ఈశ్వరుని మిక్కిలి నిష్ఠతో, మిక్కిలి నిశితముగా ఖండించినవారిలో అగ్రగణ్యులు వేదనిందకులు కారు. వేదమునకై జీవితములు ధారపోసిన మీమాంసకులు.

ఇది మనకు విచిత్రముగా తోచుటకు కారణము నాస్తికశబ్దము. నేటి వాడుకలో నాస్తికుడనగా దేవుడు లేడనువాడు. పూర్వము ఈ యర్థము ప్రధానము కాదు. పాణిని అష్టాధ్యాయి 4-4-60వ సూత్రమున ఆస్తిక, నాస్తిక, దైష్టిక శబ్దములను సాధించెను. ఉన్నదను మతి గలవాడు ఆస్తికుడు, లేదను మతి గలవాడు నాస్తికుడు. ఏది యున్నదో, ఏది లేదో సూత్రము చెప్పదు. కాశికాకారులు ఆ ఖాళీని పరలోకమను మాటతో పూరించిరి. మనుస్మృతి రెండవ యధ్యాయము వేదమును నిందించువానికి నాస్తికుడను పేరు పెట్టెను. జైనుడగు హరిభద్రసూరి షడ్దర్శనసముచ్చయమున బౌద్ధ, నైయాయిక, సాంఖ్య, జైన, వైశేషిక, జైమినీయ మతములను వివరించి, వీరినందఱిని ఆస్తికవాదులలోనే చేర్చి, లోకాయతమును మాత్రము విడిగా తుదిని చెప్పెను. ఒకచోట పరలోకము, ఒకచోట వేదము. ఈశ్వరుని ప్రసక్తి యెచ్చటను లేదు. ఈశ్వరుని అంగీకరింపని మతమునకు శాస్త్రమున ఉన్న పేరు నిరీశ్వరమని. ఆస్తికుడై నిరీశ్వరుడగుటలో ప్రాచీనులకు విరోధము కనబడలేదు. ఆస్తికదర్శనములనగా దేవుని నమ్మునట్టివి యను సమాధానము మన విద్యార్థుల పరీక్షాపత్రములలో నేటికిని కానవచ్చుచున్నది. దిద్దవలసిన మనమే కొన్ని వేళల దానికి మార్కులు వేయుచున్నాము.

మీమాంసకుల వాదమును కొంచెము నెమ్మదిగా చూడవలెను. జైమినిసూత్రముల తొమ్మిదవ యధ్యాయము తొలిపాదమున దేవతాధికరణమున్నది. యాగమున దేవత ప్రధానమా, కర్మ ప్రధానమా యనునది విచారము. పూర్వపక్షివాదము మన యిండ్లలో దినదినము వినునదే. దేవతకు శరీరము కలదు, హవిస్సును ఆరగించును, సంతోషించును, సంతోషించి ఫలమిచ్చును, కావున యాగము అతిథిపూజ వంటిది. శబరస్వామి ఇందు ఒక్కొక్క మెట్టును పడగొట్టెను. దేవతకు శరీరమున్నదనుటకు ప్రమాణము లేదు. ఆరగించుట లేదు, ఆరగించినచో పదార్థము తఱుగవలెను గదా. తేనెటీగ పూవునుండి తేనెను గ్రహించునట్లు దేవత సారమును మాత్రమే గ్రహించుననియు, నివేదించిన యన్నము రుచి తప్పుటయే అందుకు సాక్ష్యమనియు పూర్వపక్షి తప్పించుకొనజూచును. గాలి తగిలి చల్లాఱినందున రుచి తప్పినదని శబరుని సమాధానము. శాస్త్రభాష్యములలో ఇంత నిర్మొహమాటమైన వాక్యములు పెక్కులేవు.

అంతటితో పూర్వపక్షి విడువడు. లోకమున దేవగ్రామము, దేవక్షేత్రము అనుచున్నారే, దేవతకు స్వత్వము లేనిచో ఆ మాట యెట్లు పొసగుననును. అది ఉపచారముగా, అనగా లాక్షణికముగా, అన్న మాటయేయని భాష్యకారుడు చెప్పును. దేనిని ఇష్టము వచ్చినట్లు వినియోగించుకొనగలమో అది మన సొత్తు. దేవత గ్రామమును గాని క్షేత్రమును గాని అట్లు వినియోగించుకొనుట లేదు. దేవత నుద్దేశించి విడిచిన దానివలన ఆ దేవతాపరిచారకులకు జీవిక జరుగుచున్నది. ఈ వాక్యమును చదువునప్పుడు తెలుగు శాసనములతో పరిచయమున్నవానికి చిఱునవ్వు రాకమానదు. మన శాసనములలో ఎన్ని పుట్ల నేల ఎందఱు దేవరల అంగరంగభోగములకు ధారపోయబడలేదు! ఆ దానములను వ్రాసిన పండితులలో మీమాంస చదివినవారు లేకపోరు. భూమి దేవునిదని వ్రాయుచు, ఉపచారమని వారు మనస్సులో ననుకొనియుందురేమో. ఇది పాతకాలపు ముచ్చటయే కాదు. 1925లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఒక వ్యాజ్యమున దేవతామూర్తిని చట్టదృష్టిలో వ్యక్తిగా అంగీకరించెను. తరువాతి ధర్మాదాయచట్ట వ్యాఖ్యాతలు దేవునికి గల స్వత్వము ఎట్టిదని తర్కించునప్పుడు శబరుని యీ పంక్తులనే ఆశ్రయించిరి.

శబరుడు ఖండించినది దేవతలయొక్క శరీరమును, ప్రసాదమును. జగత్కర్తయైన ఈశ్వరుని సంగతి క్రీ.శ. 7వ శతాబ్దివాడగు కుమారిలభట్టు పట్టించుకొనెను. శ్లోకవార్తికమున సంబంధాక్షేపపరిహారమను ప్రకరణమున ఆయన వేసిన ప్రశ్నలకు నేటి నిరీశ్వరవాదులు చేర్చినది కొంచెమే. సృష్టికి పూర్వము ఏమియు లేనప్పుడు సృష్టికర్త యెక్కడ నిలిచియుండెను? ఆయనకు శరీరమున్నదా? లేనిచో చేయవలెనను ఇచ్ఛ యెట్లు కలుగును? ఉన్నచో ఆ శరీరమును ఎవరు చేసిరి? సృష్టి జరుగుట నెవరు చూచి మనకు చెప్పిరి? తొలుత పుట్టిన జీవులు తమకు పూర్వమేమి జరిగినదో ఎఱుగరు గదా. నేనే చేసితినని ఆయనయే చెప్పినను నమ్ముట యెట్లు? తన గొప్పను ప్రకటించుకొనుటకు అట్లు చెప్పెనేమో. ఇక ప్రయోజనము మాట. పనిలేక మందబుద్ధియు ఏ పనికిని పూనుకొనడు. దయచే సృజించెనందురా, సృష్టికి ముందు దయచూపదగిన ప్రాణి యొక్కటియు లేదు. దయగలవాడు సుఖమయమైన లోకమునే చేసియుండవలెను. దుఃఖము లేక సృష్టి సాధ్యము కాదందురా, ఆయన స్వతంత్రుడు కాడు. జీవుల కర్మము ననుసరించి చేసెనందురా, ఆ కర్మమే చాలును. నడుమ ఆయన యెందులకు?

ఇంత కఠినముగా తర్కించిన ఈ మహాపండితుడు ఏల ఇట్లు చేసెను? యాగములపై శ్రద్ధ తఱిగియా? కాదు. ఆయన కాపాడదలచినది వేదముయొక్క అపౌరుషేయత్వమును. వేదమును ఎవరును రచింపలేదు; రచించినవాడు లేనందుననే దానిలో రచయిత దోషములుండ నవకాశము లేదు. ఇది మీమాంసకుల మూలస్తంభము. బౌద్ధులు తమ ఆగమమునకు ప్రామాణ్యము బుద్ధుని సర్వజ్ఞతవలన వచ్చినదనిరి. జైనులు తీర్థంకరుల సర్వజ్ఞత ననిరి. ఒక పురుషుడు సర్వమును ఎఱుగుట అసంభవమని కుమారిలుడు వారిని ఎదుర్కొనెను. ఆ మాట యొకసారి చెప్పిన తరువాత ఈశ్వరునికి మాత్రము మినహాయింపు ఇచ్చుట యెట్లు? నైయాయికులు వేదము ఈశ్వరోక్తము గనుక ప్రమాణమనుచుండిరి. అట్లన్నచో వేదప్రామాణ్యము ఒక పురుషునిపై ఆధారపడును. అతడున్నాడని నిరూపించువఱకు వేదము అనాథయై నిలుచును. బుద్ధునిపై ఎత్తిన కత్తి ఈశ్వరునిపైనను పడుట ఇందుచేత. ప్రపంచమునకు సమూలమైన ఆదిగాని అంతముగాని లేదనియు, తండ్రినుండి కొడుకునకు, గురువునుండి శిష్యునకు వేదము అనాదిగా వచ్చుచున్నదనియు చెప్పినచో ఏ చిక్కును లేదు. మీమాంసకునకు దేవుడు అనవసరము మాత్రమే కాదు, అపాయకరమును.

మనుష్యులు శాస్త్రమంత ఋజువుగా నుండరు. అదే కుమారిలుడు శ్లోకవార్తికమును అర్ధచంద్రధారికి నమస్కరించుచు మొదలిడెను. వ్యాఖ్యాతయైన పార్థసారథిమిశ్రుడు ఆ శ్లోకము యజ్ఞమునకును అన్వయించునని శ్లేషార్థము చెప్పి శాస్త్రమర్యాద నిలిపెను. వేదాంతదేశికులు సేశ్వరమీమాంసయను పేరితోనే గ్రంథము వ్రాసి, జైమినిమతమున ఈశ్వరునికి చోటు కల్పించిరి. 17వ శతాబ్దిలో ఖండదేవుడు భాట్టదీపికయందు దేవతాధికరణమును లోపము లేకుండ వివరించి, జైమిని యభిప్రాయము ఇదియేయని తేల్చి, ఇట్లు పలుకుటచేతనే తన నాలుక మలినమైనదనియు, హరిస్మరణమొక్కటియే తనకు శరణమనియు చేర్చెను. నేను విద్యార్థిదశలో ఈ వాక్యమును తొలిసారి చూచినప్పుడు గ్రంథకర్త పరిహాసమాడుచున్నాడనుకొంటిని. ఇప్పుడట్లు తోచుట లేదు. శాస్త్రము చెప్పినదానిని దాచక చెప్పుటయు, తన హృదయము దానికి ఒప్పుకొనకపోవుటయు, రెండును ఆయనకు నిజములే. మన పరిశోధకులు పూర్వగ్రంథములకు తమ నమ్మికలను అంటగట్టునప్పుడు ఖండదేవుని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

సాంఖ్యుల సంగతి ఇంత చిక్కైనది కాదు. ప్రకృతియే పరిణమించి జగత్తగుచున్నదనువారికి నడిపించువాడు అక్కఱలేదు. దూడకొఱకు ఆవుపొదుగున అచేతనమైన పాలు చేపునట్లు పురుషునికై ప్రకృతి ప్రవర్తించునని సాంఖ్యకారిక చెప్పినది. దానిని వ్యాఖ్యానించుచు వాచస్పతిమిశ్రుడు, పూర్ణకాముడైన ఈశ్వరునికి స్వార్థము లేదు, సృష్టికి ముందు దుఃఖితులు లేనందున కరుణకు తావు లేదు అని కుమారిలుని త్రోవనే నడచెను. ఈ కారికలను వ్రాసినవాని పేరు ఈశ్వరకృష్ణుడగుట ఒక వినోదము. సాంఖ్యసూత్రములలో ఈశ్వరుడు సిద్ధింపడను అర్థమున నున్న సూత్రముపై 16వ శతాబ్దివాడగు విజ్ఞానభిక్షువు, సిద్ధింపడన్నాడే గాని లేడనలేదు గదా, ఇది ప్రతివాది నోరు మూయుటకు అన్న ప్రౌఢివాదమే యని సర్దెను. దర్శనములన్నిటిని ఒక్క త్రాటికి కట్టదలచినవాని కోరిక అది.

బౌద్ధ నైయాయికుల వివాదము శతాబ్దముల తరబడి సాగినది. దాని యిరుసు ఒక కుండ. కుండ కార్యము, దానికి కుమ్మరి కర్త. భూమి, పర్వతములును కార్యములే, కావున వానికిని బుద్ధిమంతుడైన కర్త యుండవలెను. ఇది నైయాయికుల అనుమానము. ధర్మకీర్తి దీనికి పుట్టను ఎదురు తెచ్చెను. కుండయు మట్టి వికారమే, పుట్టయు మట్టి వికారమే. అంతమాత్రమున పుట్టను కుమ్మరి చేసెననవచ్చునా? కుమ్మరి కుండను చేయుట కన్నులార చూచితిమి గనుక ఆ జాతి వస్తువునకే ఆ కర్తను ఊహింపవచ్చును. పర్వతము ఆ జాతిది కాదు. పైగా కుమ్మరి శరీరము గలవాడు, అల్పజ్ఞుడు; కుండను పట్టి పోయినచో అట్టి కర్తయే దొరకును గాని అశరీరి, సర్వజ్ఞుడు దొరకడు. పెద్ద భవనమును పలువురు కూడి కట్టుదురు. జగత్తునకు కర్త యొక్కడే యనుట యెట్లు? శాంతరక్షితుని తత్త్వసంగ్రహమున ఈశ్వరపరీక్ష యను ప్రకరణమే యున్నది. 11వ శతాబ్దిలో విక్రమశిలవిహారమున రత్నకీర్తి ఈశ్వరసాధనదూషణమును రచించెను. 9వ శతాబ్దిలో రాష్ట్రకూటుల కాలమున జైనాచార్యుడగు జినసేనుడును మహాపురాణమున సృష్టికర్తను నిరాకరించెను. బౌద్ధునికి గాని జైనునికి గాని ఈశ్వరనిరాకరణము కేవలము తర్కక్రీడ కాదు. దుఃఖమునకు కారణము తన కర్మమందే యున్నచో విడుదలయు తన చేతిలోనే యున్నది. పైన వేఱొక ప్రభువున్నచో ఆ విడుదల ఆయన యిష్టముపాలగును. వారు కాపాడుకొన్నది ఈ స్వాతంత్ర్యమును.

వీరందఱికిని సమాధానముగా మిథిలలో ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలిని అయిదు స్తబకములుగా రచించిరి. ఈశ్వరసాధనమునకు మన వాఙ్మయమున దీనిని మించిన గ్రంథము లేదనుట అతిశయోక్తి కాదు. దాని యారంభము చమత్కారమైనది. ప్రతి మతమువారును ఏదో యొక పేరితో ఆ పరమపురుషునే ఉపాసించుచున్నారు. శిల్పులు సైతము విశ్వకర్మయని కొలుచుచున్నారు. ఇక సందేహమే లేనప్పుడు విచారమెందులకు అని ఆయన తనకు తానే ప్రశ్న వేసికొనును. ఈ విచారమును మననరూపమైన ఉపాసనగా చేయుచున్నానని సమాధానము. సందేహమే లేదన్న తరువాత అయిదు స్తబకముల తర్కము వ్రాయవలసి వచ్చుటయే, ఎదుటివారి సందేహము ఎంత బలమైనదో మనకు తెలుపుచున్నది. ఉదయనుడు ప్రతిపక్షవాదములను బలహీనపఱచి చెప్పలేదు. ఆ నిజాయితీ నాటి వాదమర్యాదకు చెందినది.

లోకాయతులను గుఱించి జనులు పెక్కు మాటలాడుదురు గాని మనకు నిశ్చయముగా తెలిసినది తక్కువ. వారి మూలగ్రంథములు నశించినవి. విజయనగరకాలమునాటి సర్వదర్శనసంగ్రహము చార్వాకమతముతోనే మొదలగును. కాని ఖండించుటకై వ్రాసిన సంగ్రహమునుండి ఒక మతముయొక్క పూర్ణస్వరూపము తెలియదు. ప్రత్యక్షము తప్ప వేఱు ప్రమాణము లేదు, కావున కానరాని ఈశ్వరుడు లేడు అని వారి వాదమును ఒక వాక్యమున ముగించుట మనకు అలవాటైనది. 1926లో పాటణమున దొరకి, 1940లో బరోడానుండి వెలువడిన జయరాశిభట్టు తత్త్వోపప్లవసింహము ఈ యలవాటును కదలించినది. ఇందు జయరాశి ప్రత్యక్షమునుకూడ వదలక అన్ని ప్రమాణములను తలక్రిందులు చేసెను. బృహస్పతిని గౌరవముతో స్మరించిన ఈయనను లోకాయతుడనవలెనా, సంశయవాది యనవలెనా యని పండితులు నేటికిని వాదించుచున్నారు. శత్రువుల నోటినుండి మాత్రమే విన్న మతమును గుఱించి తొందరపడి తీర్పు చెప్పరాదనుటకు ఈ యొక్క పుస్తకము చాలును.

ఇంతవఱకు చెప్పినవి శాస్త్రహేతువులు. దేవుని కాదనువారందఱును ప్రమాణవిచారము చేసి కాదనరు. మహాభారతము అరణ్యపర్వమున ద్రౌపది వేఱొక త్రోవను వచ్చినది. సభలో అవమానింపబడి, రాజ్యము పోయి, అడవిలో నున్న ఆమె ధర్మరాజును నిలదీసినది. ధర్మమును రక్షించువానిని ధర్మము రక్షించునని వింటిని. నిన్ను రక్షించుట లేదే యన్నది. విధాత ప్రాణులయెడ తలిదండ్రులవలె ప్రవర్తింపక, బాలుడు బొమ్మలతోవలె ఆడుకొనుచున్నాడన్నది. ధర్మాత్ములు కష్టపడుచుండగా దుర్యోధనాదులు సుఖపడుట చూచి ఆ విధాతను నిందించుచున్నానన్నది. ఆమె విధాత లేడనలేదు. అయినను ధర్మరాజు, నీ మాటలు సొంపుగా నున్నవి గాని నాస్తికత్వము పలుకుచున్నావనెను. దేవుడున్నాడని నమ్ముచు ఆయన న్యాయమును ప్రశ్నించుటయు ఆనాడు నాస్తిక్యమే యైనది. ఈ ఘట్టమున వ్యాసభారతము చూపిన ధైర్యము గొప్పది. ధర్మరాజు మందలించెను, ద్రౌపది వెనుకకు తగ్గి విధాతను నిందింపననెను, కాని ఆమె యడిగిన ప్రశ్న గ్రంథమునుండి తొలగింపబడలేదు. కుమారిలుడు లోకమున దుఃఖమేల యని తర్కముగా అడిగినదానినే ఆమె అనుభవముగా అడిగినది. లోకమున దేవునిపై విశ్వాసము కోల్పోయినవారిలో ఎక్కువమంది శ్లోకవార్తికమును చదువలేదు. ద్రౌపది నిలిచినచోట నిలిచినవారే.

మన తెలుగుదేశమున ఈ వాదములు ఎట్లు ప్రవర్తిల్లినవి? 3వ శతాబ్దిలో కృష్ణాతీరమున విజయపురిలో ఇక్ష్వాకురాజగు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధము చేసెను. ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధమహాచైత్యమునకు దానములు చేసెను. ఒక యింట రెండు మతములని మనము ఆశ్చర్యపడుదుము. శాస్త్రదృష్టితో చూచినచో అన్నయొక్క యాగమునకు గాని చెల్లెలియొక్క చైత్యమునకు గాని జగత్కర్త యక్కఱలేదు. అదే పట్టణమున కార్తికేయాదుల కోవెలలును ఉండెను. శాస్త్రము వేఱు, జనులు కొలుచుట వేఱు. 1954 మొదలు 1960 వఱకు జరిగిన త్రవ్వకములలో ఇవన్నియు బయటపడి, పిదప ఆ లోయ నాగార్జునసాగరములో మునిగినది.

కాలము మాఱినకొలది సహనము తఱిగినది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్ర నేటి బాపట్లజిల్లాలోని చందవోలున వెలనాటి ప్రభువు సభలో జరిగిన వాదమును వర్ణించును. మల్లికార్జునపండితారాధ్యుడు బౌద్ధాచార్యునితో వాదించి గెలిచెను. అటుపిమ్మట శిష్యులు ఆ బౌద్ధుని చంపిరి. రాజు కోపించి పండితారాధ్యుని కన్నులు తీయించెను. శివానుగ్రహమున ఆయన చూపు పొంది రాజును శపించెను. ఇందు ఎంత చరిత్రయో, ఎంత భక్తకథయో విడదీయుట కష్టము. కథయే యనుకొందము. అయినను వాదమున గెలిచిన పక్షము ప్రతివాదిని చంపుటను కవి ఘనకార్యముగా వర్ణించుట చరిత్రకు సాక్ష్యమే. ఉదయనుడు ప్రతిపక్షమును చదివెను. ఇక్కడ ప్రతిపక్షియే లేకుండ పోయెను.

వేమనను కొందఱు నాస్తికుల జాబితాలో చేర్చుచున్నారు. ఆయన రాళ్లకు మ్రొక్కుటను, బాహ్యాచారమును దూషించెను గాని శివుని కాదనలేదు. కావున ఆ చర్చ యిక్కడ అప్రస్తుతము.

20వ శతాబ్దిలో తెలుగునాట ఈశ్వరనిరాకరణము పండితసభను వదలి పల్లెకు వచ్చినది. అందుకు ముఖ్యులు గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు. 1902లో ఛత్రపురమున బ్రాహ్మణకుటుంబమున జన్మించి, వృక్షశాస్త్రము చదివి, పలు కళాశాలలలో అధ్యాపకులుగా పనిచేసిరి. దేవుడు లేడను తమ అభిప్రాయమును దాచుకొననందున 1933లో కాకినాడలో ఉద్యోగమును కోల్పోయిరి. కొంతకాలము బందరులో పనిచేసి, ఉద్యోగమే వదలి, 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించిరి. అది 1947లో విజయవాడకు మాఱినది. వీరు చేసిన పనులలో దేవుని ఖండించు ఉపన్యాసములకంటె కులభేదము లేని సహపంక్తిభోజనములకు, అస్పృశ్యతానివారణకు చెల్లిన ప్రొద్దు ఎక్కువ. ఇక్కడనే ఆయన హేతువు మనకు దొరకును. కుమారిలుడు వేదమునకై, బౌద్ధుడు మోక్షమునకై కాదన్న ఈశ్వరుని ఈయన సమానత్వమునకై కాదనిరి. తన స్థితికి దైవము కారణమని నమ్మినంతకాలము అంటరానివాడు తలయెత్తడు, అంటనివాడు సిగ్గుపడడు అని ఆయన నమ్మకము.

గాంధీమహాత్మునితో ఆయన జరపిన సంభాషణలు 1951లో నవజీవన్ సంస్థవారిచే గ్రంథముగా వెలువడినవి. ఈశ్వరుని నమ్మని వ్రాతకు ఈశ్వరుని నమ్మిన కిశోరలాల్ మశ్రువాలాగారు పీఠిక వ్రాసిరి. నాస్తికత్వమువలన ప్రజలకేమి మేలని గాంధీజీ ప్రశ్న. 1943 బంగాళక్షామమున కలకత్తా వీథులలో తాము చూచినదానిని గోరాగారు చెప్పిరి. మిఠాయి దుకాణముల యెదుటనే ఆకలితో జనులు కూలిపోయిరి; ఒక్కడును చేయి చాపి తీసికొనలేదు. తినువారును చలింపలేదు. ఇరువురును దైవనిర్ణయమని నమ్మిరి. ఆ నమ్మకము లేనిచో ఇరువురును వేఱుగా ప్రవర్తించియుందురని ఆయన వాదము. దీనిని పూర్తిగా ఒప్పుకొనుట కష్టము. ఆకలిగొన్నవాని నిశ్చేష్టతకు శరీరదౌర్బల్యము, రాజభయము, దుకాణదారుని బలము కూడ కారణములు కావచ్చును. నమ్మనివారి దేశములలోను జనులు క్షామమున నోరెత్తక చచ్చిరి. అయినను వాదము తప్పైనంతమాత్రమున దాని వెనుకనున్న వేదన తప్పు కాదు. ద్రౌపది మొదటి పురుషలో తనకై పలికినది. ఈయన పాదచారులబాటపై పడియున్నవారికై పలికిరి. గాంధీజీ ఒప్పుకొనలేదు, కాని త్రోసిపుచ్చలేదు. దేవుడే సత్యమనుచుండిన ఆయన అప్పటికే సత్యమే దేవుడని మాట మార్చియుండెను, ఆ మార్పున నిరీశ్వరునికి నిలువ నీడ యున్నది.

గోరాగారు తమ కుమార్తెను హరిజనయువకునకిచ్చి వివాహము చేయదలచిరి. సేవాగ్రామమున తామే ఆ పెండ్లి చేయింతునని గాంధీజీ ఒప్పుకొనిరి. వధూవరుల ప్రమాణమున దేవుని పేరు తీసివేసి, ఆ చోట సత్యమను మాట నుంచుటకును అంగీకరించిరి. 1948 జనవరి 30న ఆయన హత్యకు గుఱియైరి. రామనామమును ఉచ్చరించువాడే, దేవుని నమ్మువానిచేతనే. పెండ్లి ఆ సంవత్సరము మార్చినెలలో సేవాగ్రామముననే జరిగినది.